పదకొండు సెకన్లు

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. ఆ సాయంత్రం తాను తిన్నది రెండు బంగాళాదుంపలని పెద్దాయనకు బాగా గుర్తు. అవైనా సరిగ్గా ఉడకలేదు. కత్తి గుచ్చితే నడిమధ్యలో గట్టిగా తగిలింది. భార్య పోయి రెండేళ్లయినా వంటింట్లో ఆయనది ఇంకా కొత్తల్లుడి వ్యవహారమే. ఏ డబ్బాలో ఏముందో తెలియదు, అడగాలంటే మొహమాటం. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి కూరొకటి చేసిపెడదామని మొదలుపెట్టి, గిన్నె మీద మూత ఉంచాలా తీయాలా అన్న దగ్గర ఆగిపోయాడు. కొడుక్కి ఫోన్ చేశాడు. అది మోగి మోగి ఊరుకుంది. సరేలే అనుకుని, ఉన్నవాటి మీదే ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని నిలబడే తినేశాడు.

ఫోన్ చేసిన సమయం ఐదూ పన్నెండు.

సరిగ్గా ఆ నిమిషంలోనే, రెండు వీధుల అవతల ఈతకొలనులో, ఆయన కొడుకు దగ్గర ఈత నేర్చుకుంటున్న ఏడేళ్ల పిల్ల నీళ్లలో మునిగిపోయింది.

పిల్ల బతికింది. కొడుకే దూకి పైకి తీశాడు, వాడే నోట్లోకి ఊపిరి ఊదాడు. అంబులెన్సు వచ్చేలోపే పిల్ల దగ్గి, నీళ్లు కక్కి, ఏడుపు లంకించుకుంది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపేశారు. అంతటితో అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, పూల్ మేనేజరు పీల్చుకోలేదు. ఆయనకు కావలసింది పిల్లను తీసినవాడు కాదు, మునగనిచ్చినవాడు. సీసీ కెమెరా వీడియోలోంచి ఒక బొమ్మను పెద్దది చేసి, కాగితం మీద అచ్చు తీయించి, దానిమీద ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు. సున్నాలో కొడుకు కుడిచెయ్యి. చేతిలో నల్లగా, పలకలా ఏదో ఉంది. కింద ఒక ముక్క రాశాడు: పాఠం జరుగుతుండగా ఫోన్ చూస్తున్న శిక్షకుడు.

విచారణ గురువారం పొద్దున పది గంటలకు. అది ఫోనేనని తేలితే ఈత సంఘం సర్టిఫికెట్ రద్దు చేస్తుంది. ఆ తర్వాత ఏ పూల్ వాళ్లూ అతన్ని గట్టు మీద నిలబడనివ్వరు. పన్నెండేళ్లుగా కొడుక్కి నీళ్లు తప్ప వేరే పని తెలియదు. కప్ప ఈత బాగా నేర్పుతాడని పిల్లలు అతనికి కప్ప మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరు వింటే అతను మురిసిపోయేవాడు.

వాడు గట్టిగా కాదని ఉంటే పెద్దాయనకు సగం బరువు దిగేది. వాడు కాదనలేదు.

"స్టాప్‌వాచే అనుకుంటా నాన్నా," అన్నాడు శనివారం నాడు, ముద్ద నోటి దాకా తీసుకెళ్లి మళ్లీ పళ్లెంలో పెట్టేసి.

"అనుకుంటా ఏమిట్రా? నీ చెయ్యే కదా."

"నా చెయ్యే. ఆ పిల్ల వేళ్లు నీళ్లపైన కనబడ్డాయి చూడండి, అక్కణ్ణుంచి ఆ పిల్ల ఒక్కతే గుర్తుంది. అంతకు ముందుది పలక మీద తుడిచేసినట్టుంది. ఫోన్ రోజూ బెంచీ మీద పెడతాను. ఆ రోజూ పెట్టే ఉంటాను. పెట్టే ఉంటానంటే విచారణలో ఊరుకుంటారా?"

ఊరుకోరని పెద్దాయనకు తెలుసు. పైగా వాడి ఫోన్లో ఆ నిమిషానికి మిస్డ్ కాల్ ఒకటి ఉంది. నాన్న, ఐదూ పన్నెండు. దాన్ని వాడే తీసి మేనేజరుకు చూపించాడు, దాచడం చేతకాక. ఫోన్ వచ్చింది, చూశాడు, పిల్ల మునిగింది, అని మేనేజరు మూడు ముక్కల్లో తేల్చేశాడు. అందులో మొదటి ముక్క తనది. ఆ సంగతి పెద్దాయన ఎవరితోనూ అనలేదు. గోడ గడియారం ఐదు దాటినప్పుడల్లా మాత్రం ఆయన గదిలోంచి లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఈ ఐదు రోజుల్లో కోడలు ఒక్కసారి కూడా ఆ ఫోన్ ఊసెత్తలేదు. ఆ ఊసెత్తకపోవడాన్ని ఆయన ప్రతి పూటా గమనిస్తూనే ఉన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి కోడలు ఇంటికొచ్చింది. మేనేజరిచ్చిన పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్‌కు పెట్టి, భోజనాల బల్ల మీద మామగారి ముందుకు జరిపింది.

"నేను వంద సార్లు చూశాను మామయ్యా. ఇంక నా కళ్లకి ఫోన్ కావాలంటే ఫోను, గడియారం కావాలంటే గడియారం కనబడుతోంది. మీరు చూడండి. ముప్పై ఏళ్లు రక్తంలో పురుగుల్ని పట్టుకున్నారు కదా."

"ముప్పై ఒకటి," అన్నాడాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆయన ఆస్పత్రి లాబులో చేసి రిటైరయ్యాడు. పొద్దస్తమానం మైక్రోస్కోపు మీద వంగి కూర్చోవడమే ఉద్యోగం.

"కంట్రోల్ మీట నొక్కిపట్టుకుని మౌస్ మీద చక్రం ముందుకి తిప్పండి. వెనక్కి తిప్పితే చిన్నదవుతుంది. బాణం ఎక్కడుంటే అక్కడే పెద్దదవుతుంది, కాబట్టి ముందు దాన్ని చేతిమీద పెట్టండి."

ఆయన చక్రం తిప్పాడు. కొలను, గట్టు, పిల్లల టోపీలు అంచులు దాటి బయటికి జారిపోయాయి. కొడుకు నడుము, మోచెయ్యి, మణికట్టు వరుసగా దగ్గరికొచ్చాయి. మూలన అంకె మారుతూ పోయింది.

"మా మైక్రోస్కోపుకి పది, నలభై, వంద అని మూడే ఉండేవి తల్లీ. ఇదేమిటి, ఆరొందలంటోంది?"

"ఇది ఎంతంటే అంత అంటుంది. అబద్ధాలు చెప్పేవాళ్లలాగే, ఎక్కడా ఆగదు."

ఆయనకు నవ్వొచ్చింది. ఈ ఐదు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. వెనక గదిలో మంచం కిర్రుమంది. కొడుకు అక్కడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీడియో ఒక్కసారే చూశాడు, చూసి వెళ్లి వాంతి చేసుకున్నాడు. మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు.

తెరమీద నల్లటి పలక నిలబడి ఉంది. అంచులు నున్నగా, మూలలు గుండ్రంగా, అచ్చం ఫోన్‌లాగే.  పెద్దాయన మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

"ఈ నునుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. "మిగతా బొమ్మంతా గరుగ్గా ఉంటే దీనికొక్కదానికే ఇంత మంచి అంచులెలా వచ్చాయి?"

"ప్లేయరే నున్నగా చేస్తుంది మామయ్యా. గళ్లు గళ్లుగా కనబడకుండా."

"తీసెయ్యి."

ఆమె సెట్టింగుల్లో వెతికి దాన్ని తీసేసింది. పలక ఒక్కసారిగా విరిగి గళ్లయింది. ఆయన వేలితో లెక్కపెట్టాడు. అడ్డం మూడు, నిలువు నాలుగు. పన్నెండు గళ్లు. కొన్ని నలుపు, కొన్ని బూడిద. మేనేజరు కాగితం మీద చూసిన ఫోను ప్లేయర్ నునుపు చేసిన ఈ పన్నెండు గళ్లే.

"అయితే ఫోన్ కాదన్నమాటేనా?" అంది కోడలు ఆశగా.

"అలా అనలేం. ఫోన్ అయినా ఈ కెమెరాకి పన్నెండు గళ్లే, స్టాప్‌వాచ్ అయినా పన్నెండు గళ్లే. మా లాబులో ఇలాంటిదొస్తే శాంపిల్ మళ్లీ పంపమని రాసేవాణ్ని." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇక్కడ మళ్లీ పంపేవాడెవడు?"

ఆమె ముఖం చిన్నబోయింది. లేచి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది. ఆయన కప్పులో చక్కెర కలిపి, చెంచా తీసి, కప్పు పిడి ఆయన కుడిచేతి వైపు తిప్పి పెట్టింది. అదొక చిన్న పనే. ఆయన మాత్రం చూశాడు.

"ఒక్కటి చూద్దాం," అన్నాడు రెండు గుక్కలు తాగాక. "వాడి చూపు ఎటుందో. పిల్ల మునిగే చోటు కుడివైపుంది కదా. మెల్లగా నడిపిస్తూ అక్కడికి వెళ్దాం."

ఆమె వీడియోను ఐదూ పన్నెండుకు వెనక్కి జరిపి, వేగం నాలుగో వంతుకు తగ్గించింది. బొమ్మ నీళ్లలో నడుస్తున్నట్టు కదలడం మొదలుపెట్టింది. ఆయన ఎడమ మీట నొక్కిపట్టి మౌస్‌ను కుడివైపుకు లాగాడు. బొమ్మ కుడికి జరిగింది. తెరమీదికి ఎడమవైపు గట్టు వచ్చింది.

"అటు కాదు మామయ్యా. కుడి చూడాలంటే ఎడమకి లాగాలి. కాగితాన్ని బల్లమీద జరిపినట్టు."

"అవునవును."

మళ్లీ లాగాడు. మళ్లీ అటే పోయింది. మైక్రోస్కోపులో అన్నీ తలకిందులు. కుడివైపున్నదాన్ని చూడాలంటే నెత్తురు పూసిన గాజుపలకను కుడికే తొయ్యాలి. ముప్పై ఒక్కేళ్లు ఆయన వేళ్లు అదే పని చేశాయి. ఇప్పుడు మెదడు ఒకటి చెబుతుంటే వేళ్లు ఇంకోటి చేస్తున్నాయి. మొదట్లో కోడలు ఓపిగ్గా సరిచేసింది. మూడోసారి మౌస్ తానే అందుకోబోయింది.

"ఇలా ఇవ్వండి, నేను..."

"ఆగమ్మా."

ఆయన గొంతు మారిపోయింది. ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇదేమిటిది?"

తెరమీద ఎడమ చివర, బొమ్మ అంచు కోసేసిన చోట, ఒక బెంచీ సగం కనబడుతోంది. దానిమీద తెల్లగా తువ్వాలు లాంటిది. తువ్వాలు మీద నాలుగైదు గళ్లు, ఇంతకుముందు నల్లగా ఉన్నవి, నీలం కలిసిన తెలుపులోకి మారాయి. చూస్తుండగానే ఇంకాస్త తెల్లబడ్డాయి.

"నీళ్ల మెరుపేమో," అంది కోడలు. 

"మెరుపైతే వణకాలి. ఇది వణకట్లేదు. టైమెంత?"

"ఐదూ పన్నెండు, ఇరవై సెకన్లు."

ఇద్దరూ ముందుకు వంగారు. ఆయన భుజం ఆమె భుజానికి తగిలినా ఎవరూ జరగలేదు. తెలుపు అలాగే ఉంది. ముప్పై. పిల్ల నీళ్లలోకి జారింది ముప్పై ఒకటి దగ్గరని వాళ్లకు తెలుసు. ముప్పై ఐదు. నలభై. ఇంకా ఉంది. నలభై రెండు దగ్గర కొడుకు తలెత్తాడు, దూకాడు. అదంతా ఇప్పుడు బొమ్మకు బయట జరుగుతోంది. నలభై ఐదు. గళ్లు ఆరి నల్లబడ్డాయి.

"ఇరవై ఐదు సెకన్లు," అన్నాడు పెద్దాయన. "నేను ఫోన్ చేస్తే మోగి ఆగిపోయేది దాదాపు అంతసేపే."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వెలుగున్నంతసేపూ వాడెక్కడున్నాడో చూడాలి," అని ఆయన చక్రం వెనక్కి తిప్పాడు. బొమ్మంతా తెరలో పట్టింది. కొలను నిండుగా వచ్చింది. నడుమ గట్టుమీద కొడుకు, చేతిలో నల్లటి చుక్క. ఎడమ అంచున తువ్వాలు మీద తెల్లటి చుక్క. రెండింటి మధ్యా ఎనిమిది అడుగులు పైనే. "చిన్న లెన్సుతో ముందు పలకంతా చూడండర్రా, ఆ తర్వాతే పెద్ద లెన్సు అని కొత్తగా చేరినవాళ్లని ఎన్నిసార్లు తిట్టానో. ఇవాళ నేనే తిన్నగా వెళ్లి చేతిమీద వాలాను."

"ఆ చుక్క ఫోనేనని మాత్రం ఎలా చెప్పగలం? ఎవరిదో టార్చిలైటంటే?"

"ముందుకి నడుపు. వాడు అంబులెన్సుకి ఫోన్ చేశాడు కదా. ఎక్కణ్ణుంచి తీశాడో చూద్దాం."

ఐదూ పద్నాలుగు దగ్గర పిల్ల గట్టుమీద దగ్గుతోంది. ఇంతకుముందు చూసినవాళ్లందరూ పిల్లనే చూశారు. కోడలు వంద సార్లు పిల్లనే చూసింది. ఈసారి ఇద్దరూ బెంచీని చూశారు. ఎడమ అంచులోకి ఒక చెయ్యి వచ్చింది, తడి చెయ్యి, తువ్వాలు మీద అదే చోట వాలింది. లేచినప్పుడు ఆ నల్లటి గళ్లు అక్కడ లేవు. మరుక్షణం కొడుకు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బొమ్మలోకి నడిచొచ్చాడు.

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. తాను చేసిన ఫోను బెంచీ మీద ఒంటరిగా వెలిగి, ఎవరికీ కనబడకుండా ఆరిపోయింది. వాడి దాకా వెళ్లలేదు. వెళ్లలేదు, అని లోలోపల రెండుసార్లు అనుకున్నాడు. 

కోడలు వెనక గదిలోకి పరిగెత్తింది. కొడుకును మంచం మీంచి లేపి, దాదాపు లాక్కొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టింది. అతను బెంచీ చూశాడు, వెలుగు చూశాడు, తన చెయ్యి చూశాడు. 

"ఇప్పుడు మొత్తం చూపించండి నాన్నా. ఐదూ పన్నెండూ, ముప్పై సెకన్ల నుంచి."

"ఎందుకురా?"

"చూపించండి."

చూశారు. ఈసారి మామూలు వేగంలోనే. నడుమ గట్టుమీద కొడుకు ఎడమవైపు ఒకటో లేన్‌కు తిరిగి ఉన్నాడు. ఇద్దరు పెద్దపిల్లలు పందెం ఈదుతున్నారు. అతని తల చేతిలోని వస్తువు మీదికి వంగింది, లేన్ వైపు లేచింది, మళ్లీ వంగింది. వెనక నాలుగో లేన్‌లో పసుపు టోపీ ఒకటి కిందికి జారింది. ఒకటి, రెండు, మూడు అని కొడుకు పెదవులు లెక్కపెట్టాయి. పదకొండు దగ్గర తెరమీద తల తిరిగింది.

"పదకొండు సెకన్లు," అన్నాడు. "టైము చూస్తున్నాను. ఒకటో లేన్ వాళ్లకి టైము."

"ఫోన్ కాదు కదా. అది చాలు," అంది కోడలు. "వాళ్లడిగేది ఫోన్ గురించే. బెంచీ చూపించి వచ్చేద్దాం. ఈ పదకొండూ నువ్వు లెక్కపెట్టి వాళ్ల చేతిలో పెట్టక్కర్లేదు."

"వాళ్ల దగ్గరా ఈ వీడియోనే ఉందిగా."

"ఉంటే వాళ్లు లెక్కపెట్టుకుంటారు. నీకెందుకు తొందర? నీకు సర్టిఫికెట్ పోతే రేపు మనింట్లో..." ఆమె మాట మధ్యలో ఆపి మామగారి వైపు చూసింది. "మీరైనా చెప్పండి మామయ్యా."

పెద్దాయనకు ఆమె మాటే నచ్చింది. ఆ సంగతి తనకు తెలిసి సిగ్గేసింది. కొడుకు ముఖం చూశాడు. ఐదు రోజుల గడ్డం, లోతుకు పోయిన కళ్లు. ఇన్నాళ్లూ తానేం చేశాడో తెలియక వాడు నలిగిపోయాడు. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని మళ్లీ దాచుకోమని ఏ నోటితో చెప్పడం?

"వాడి నోరు, వాడి ఇష్టం అమ్మా," అన్నాడు చివరికి. "నేను మౌస్ వరకే."

గురువారం పూల్ ఆఫీసు గదిలో నీళ్లలో కలిపే క్లోరిన్ వాసన గాఢంగా ఉంది. పొడవాటి బల్లకు ఒక చివర మేనేజరు, మధ్యలో ఈత సంఘం నుంచి వచ్చిన అధికారిణి, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. కిటికీ పక్కన పిల్ల తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో సంచీని రెండు చేతులా పట్టుకుంది. కొడుకు లోపలికి రాగానే నమస్కారం పెట్టాడు. ఆమె తల ఆడించలేదు, తిప్పుకోనూ లేదు.

మేనేజరు తన కాగితాన్ని బల్ల మధ్యకు తోశాడు. "ఇందులో చెప్పడానికేముంది మేడమ్. కళ్లకి కనబడుతోంది."

"వాళ్లూ ఏదో చూపిస్తామన్నారు. చూద్దాం," అందామె.

కోడలు లాప్‌టాప్ తెరిచింది. పెద్దాయన మౌస్ పట్టుకున్నాడు.  ముందు మేనేజరు కాగితం మీది బొమ్మే తెచ్చి, నునుపుతో ఒకసారి, నునుపు తీసేసి ఒకసారి చూపించాడు. అధికారిణి కళ్లద్దాలు పైకి తోసుకుని తెర దగ్గరికి జరిగింది. తర్వాత బెంచీకి వెళ్లబోయాడు. ఈసారి తప్పు జరగకూడదని గట్టిగా అనుకుని ఎడమకు లాగాడు. తిన్నగా కుడిచివర ఖాళీ గోడ మీదికి పోయాడు.

"బెంచీ చూపిస్తానని గోడ చూపిస్తున్నారేంటండీ," అన్నాడు మేనేజరు. "గోడకి కూడా ఫోనుందా?"

పెద్దాయన చెవులు వేడెక్కాయి. కోడలు చెయ్యి చాచలేదు. "నెమ్మదిగా మామయ్యా. టైముంది," అంది అంతే. ఆయన ఈసారి, నిన్న పొరపాటున లాగినట్టే, కుడికి లాగాడు. బెంచీ వచ్చింది.

నాలుగో వంతు వేగంలో ఇరవై ఐదు సెకన్లంటే నిమిషం నలభై సెకన్లు.  గళ్లు తెల్లబడ్డాయి, అలాగే ఉన్నాయి, ఆరిపోయాయి. తర్వాత తడి చెయ్యి వచ్చి వాటిని తీసుకుపోయింది. అధికారిణి మళ్లీ నడపమంది. మళ్లీ చూసింది. కొడుకు ఫోన్ అడిగి తీసుకుని మిస్డ్ కాల్ నిమిషం చూసింది.

"మరి చేతిలో ఉన్నదేమిటి?" అంది పెద్దాయనతో.

"నాకు తెలీదండి. అక్కడున్నవి పన్నెండు గళ్లు. వాటిలో ఏముందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఫోన్ ఎక్కడుందో మాత్రం చెప్పగలను."

"రెండో ఫోనుండొచ్చుగా," అన్నాడు మేనేజరు.

"మా ఆయనకి రెండో ఫోన్ కొనే యోగమే ఉంటే నేనీపాటికి వాషింగ్ మెషీన్ కొనిపించేదాన్నండి," అంది కోడలు. అధికారిణి పెదవి చివర కదిలింది. వెంటనే సర్దుకుంది.

అప్పుడు కొడుకు లేచి నిలబడ్డాడు.

"స్టాప్‌వాచండి. ఒకటో లేన్ వాళ్లకి టైము తీస్తున్నాను. నాలుగో లేన్ వైపు పదకొండు సెకన్లు చూడలేదు. పద్నాలుగు మంది పిల్లలున్నప్పుడు టైము తీసే పని పెట్టుకోకూడదు. పెట్టుకున్నాను."

కోడలు తలొంచుకుంది. మేనేజరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, ఏదో అనబోయాడు. అధికారిణి అతనివైపే తిరిగింది.

"పద్నాలుగు మందా? ఒక్కరికి ఎనిమిది దాటకూడదని మీకు తెలుసు కదా?"

"సెలవుల సీజను మేడమ్..."

"నేనడిగింది తెలుసా అని."

మేనేజరు కాగితం అంచులు సరిచేశాడు.

 పిల్ల తల్లి ఇప్పుడు పెద్దాయన వైపు చూసింది. "ఎవరైనా అరిస్తే చూశారా, తనంతట తానే చూశారా? అది కనబడుతుందా అందులో?"

ఆయన వీడియో వెనక్కి జరిపాడు. అలవాటుగా చక్రం మీదికి వేలు వెళ్లింది.

"పెద్దది చెయ్యకండి," అందామె.

ఆయన వేలు తీసేశాడు. బొమ్మ మొత్తం చిన్నదిగానే ఉంది. పసుపు టోపీ గోరంత ఉంది, ముఖమూ కళ్లూ ఏమీ లేవు. గట్టుమీద మిగతా పిల్లలెవరూ అటు తిరగలేదు, ఎవరి నోరూ తెరుచుకోలేదు. కొడుకు తల దానంతట అదే తిరిగింది. చేతిలోది గట్టుమీద పడింది. మూడడుగులు వేసి దూకాడు. ఆమె చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తోంది," అంది కొడుకుతో. "తలస్నానం అంటే ఏడుస్తోంది."

"తప్పు నాదేనండి."

"మీదే." ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "తీసింది కూడా మీరే. రెండూ నాకు తెలుసు."

అధికారిణి తీర్పు అక్కడే రాసింది. ఫోన్ ఆరోపణ నిలబడలేదు, సర్టిఫికెట్ ఉంటుంది. మూడు నెలలు చిన్నపిల్లలకు ఒంటరిగా పాఠం చెప్పకూడదు, ఇంకొక శిక్షకుడి పక్కనే చెయ్యాలి. ఒక్కరికి ఎనిమిది మందిని మించి ఎందుకు అప్పగించారో పూల్ వాళ్లు వారంలోగా రాతమూలకంగా జవాబివ్వాలి. ఎర్రసున్నా కాగితాన్ని ఆమె తన ఫైల్లో పెట్టుకుంది. మేనేజరు అది తిరిగి ఇమ్మని అడగలేదు.

ముగ్గురూ ఇంటికి నడిచారు. మలుపు దగ్గర కోడలు, "పదకొండూ చెప్పేశావుగా, ఇప్పుడు కడుపు చల్లబడిందా?" అంది భర్తతో.

"ఆకలేస్తోంది," అన్నాడతను.

ఆ మాట వినడానికే కాచుకున్నట్టు ఆమె అంగడి వైపు తిరిగి గబగబా నడిచింది. పెద్దాయన వెనకబడ్డాడు, కావాలనే. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన నడుస్తుంటే వెనకనుంచి చూడటం ఆయనకు హాయిగా ఉంది. పోయిన తన మనిషి ఉంటే ఈపాటికి, ఇంత నెమ్మదా, కాళ్లకేమొచ్చిందని కసిరేది.

రాత్రి ఎనిమిదింటికి కొడుకు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తొమ్మిది కొట్టకముందే, దీపమైనా ఆర్పకుండా మంచం మీద అడ్డంగా పడి నిద్రపోయాడు. ఒక కాలికి సాక్సు అలాగే ఉంది. కోడలు వంటింట్లో గిన్నెలు తోముతోంది, చప్పుడు కాకుండా ఒక్కో గిన్నెనూ గుడ్డమీద బోర్లిస్తోంది. పెద్దాయన గదిలోకి వెళ్లి, సాక్సు తీద్దామా అనుకుని, లేస్తాడేమోనని ఊరుకున్నాడు. గురక సన్నగా, తెరిపి లేకుండా సాగుతోంది. దుప్పటి కాళ్లమీదికి లాగి, దీపం ఆర్పి, బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని తలుపు మెల్లగా మూశాడు.